ధర తగ్గేది బండికే, సామాన్లకు కాదు: నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో పాత లగ్జరీ ఫోర్ బై ఫోర్ లెక్క

ఈశాన్య రుతుపవనం పట్టిందంటే ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యల చెరువుల గట్ల మీదికి మామూలు కారు ఎక్కదు. బంకమట్టి టైరు గాట్లలో నిండిపోయి, చక్రం ఉన్నచోటే నున్నగా తిరుగుతూ ఉండిపోతుంది. చీమకుర్తి క్వారీ బాటల్లోనూ, ఉదయగిరి, పెంచలకోన వైపు కొండవాలు తోటలకు పోయే దారుల్లోనూ ఇబ్బంది వేరు రకంగా ఉంటుంది గాని, కావలసింది ఒకటే: నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి. ఆ అవసరానికి కాస్త హోదా మీద మక్కువ కూడా తోడైతే, కొత్తది కొనే స్తోమత లేనివారి చూపు పన్నెండు పదిహేనేళ్ల నాటి లగ్జరీ ఫోర్ బై ఫోర్ మీద పడుతుంది. ఒకప్పుడు అరకోటి పలికిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ గాని, మెర్సిడెస్ ఎంఎల్ గాని, ఆడి క్యూ7 గాని ఇవాళ కొత్త చిన్న కారు ధరకు దొరుకుతుంటే అటు చూడటంలో తప్పేమీ లేదు. తప్పు జరిగేది లెక్కలో.

వయసుతోపాటు పడిపోయేది బండి ధర ఒక్కటే. దాని సామాన్ల ధర కొత్త బండి ధరతో ముడిపడి ఉంటుంది గనుక అది ఎక్కడిదక్కడే నిలుస్తుంది, తరచుగా పెరుగుతుంది కూడా. కొత్తగా 60 లక్షలకు అమ్ముడైన బండి 14 ఏళ్ల తర్వాత 7 లక్షలకు దిగివచ్చిందనుకుందాం. దాని డీజిల్ చిమ్మే ఇంజెక్టరు, హెడ్‌లైటు, ముందు సస్పెన్షన్ స్ట్రట్టు మాత్రం 60 లక్షల బండి సామాన్లుగానే కౌంటరు మీదికి వస్తాయి. లక్షన్నర రూపాయల మరమ్మతు మొదటి యజమానికి బండి విలువలో రెండున్నర శాతం. ఇప్పటి యజమానికి ఐదో వంతు కంటే ఎక్కువ. పైగా మొదటి యజమాని చేతిలో ఉన్నన్నాళ్లూ చాలా భాగాలు కొత్తవి కాబట్టి ఆ మరమ్మతు రానేలేదు. రబ్బరు బుష్షులు, ప్లాస్టిక్ నీటి గొట్టాలు, ఆయిలు సీళ్లు, టైమింగ్ బెల్టులు తమ ఆయుష్షు ముగించుకునేది సరిగ్గా మూడో యజమాని దగ్గరికి వచ్చేసరికి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడం కొంత ఊరటే గాని, ఈ నిష్పత్తిని మార్చేంత ఊరట కాదు.

ఈ లెక్కలో రెండో అంకె దూరం. దానిని కొనుగోలుదారులు దాదాపుగా పట్టించుకోరు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి చెన్నైకి సుమారు 300, విజయవాడకు 150. యూరప్ లగ్జరీ బండి ఏదైనా సరే, దాని లోపలి వ్యవస్థ తెలిసిన మనిషి కోసమో, సరైన స్కానరు కోసమో, విడిభాగం కోసమో ఈ రెండు నగరాల్లో ఒకదాని వైపు చూడక తప్పదు. దారిలో ఆగిపోయిన బండిని తాడు కట్టి లాక్కుపోవడం కూడా కుదరదు. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం అందే రకం బండిని రెండు చక్రాలు పైకెత్తి లాగితే, ఆ బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కాలిపోతుంది, ఆటోమేటిక్ గేరుబాక్సు సంగతి చెప్పనక్కరలేదు. దానికి ఫ్లాట్‌బెడ్ లారీ కావాలి. ఆ లారీ బాడుగ, చెన్నైలో బండి షెడ్డులో పడి ఉన్న పదిహేను రోజులు, ఆ రోజుల్లో చెరువుల దగ్గరికి వెళ్లడానికి తీసుకున్న ఇంకో వాహనం బాడుగ, ఇవేవీ మరమ్మతు బిల్లులో కనపడవు. కాని జేబులో నుంచి పోయేవి అవే.

కనుక తక్కువ బడ్జెట్‌లో పాత బండి కొనేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న బండి ఎంత అని కాదు, దీని సామాను ఎవరి దగ్గర ఉంది, దీనిని విప్పగలిగిన చెయ్యి ఎంత దూరంలో ఉంది అని. ఈ ప్రశ్న ముందు టయోటా ఫార్చ్యూనర్ ఎందుకు నిలబడుతుందో తేలికగానే అర్థమవుతుంది. 2009 ఆగస్టులో 18 లక్షల పైచిలుకు ధరతో వచ్చిన తొలి ఫార్చ్యూనర్, అప్పటి ఇన్నోవా, ఒకే అడుగు నిర్మాణం (ప్లాట్‌ఫాం) మీద తయారైన బండ్లు. టాక్సీలుగా తిరిగే ఇన్నోవాల పుణ్యమా అని మండల కేంద్రంలోని మెకానిక్కుకు కూడా దాని సస్పెన్షను, బ్రేకులు చేతికి అలవాటైన పని. దాని 3 లీటర్ల డీజిల్ ఇంజినులో శ్రద్ధ పెట్టవలసినవి ప్రధానంగా రెండు. లక్షన్నర కిలోమీటర్లకు టైమింగ్ బెల్టు మార్చాలి. దానికి మీటరు మీద దీపం వెలిగి గుర్తుచేస్తుంది గాని, అమ్మేముందు ఆ దీపాన్ని ఊరికే ఆర్పేసిన బండ్లు ఉంటాయి కాబట్టి బెల్టు మార్చిన బిల్లు చూపించమని అడగాలి. ఇంజెక్టర్ల కింది రాగి వాషర్ల దగ్గర లీకు ఉందేమో చూడాలి. ఆ లీకును నిర్లక్ష్యం చేస్తే మసి ఇంజినాయిల్లో కలిసి, ఆయిలు పీల్చే జాలీని మూసి, చివరికి ఇంజినునే తినేస్తుంది. ఇవి పోను తొలి ఫార్చ్యూనర్ మీద చెప్పుకోదగిన ఫిర్యాదు దాని గట్టి కుదుపు. దానిని లగ్జరీ అనవచ్చా అంటే సందేహమే, నమ్మకమైన బండి అనడానికి మాత్రం సందేహం లేదు. ఈ సంగతి అందరికీ తెలిసిందే గనుక దాని సెకండ్ హ్యాండ్ ధర కూడా మొండిగానే ఉంటుంది.

చెన్నై దగ్గరి తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన మిత్సుబిషి పజేరో ఎస్ఎఫ్ఎక్స్‌ది వేరే కథ. కంపెనీ మద్దతు దాదాపుగా లేదు. అయినా దాని 2.8 లీటర్ల ఇంజినులో టైమింగ్ చైను, యాంత్రికమైన డీజిల్ పంపు ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతానికి ఉన్న నిజమైన బలం ఇక్కడే అక్కరకు వస్తుంది: లారీలు. క్వారీ లారీలు, ఓడరేవు లారీలు నడిచే చోట డీజిల్ పంపు విప్పి కాలిబ్రేషన్ చేసేవారు, టర్బో బాగుచేసేవారు, లేత్ మీద షాఫ్టు తిప్పేవారు తరతరాలుగా ఉన్నారు. యాంత్రిక పంపు వారి భాష. డిస్కవరీ 3లోని 2.7 లీటర్ల వి6 (వి ఆకారంలో రెండు వరసలుగా ఆరు సిలిండర్లున్న ఇంజిను) గాని, ఎంఎల్‌లోని 3 లీటర్ల వి6 గాని వాడే, విద్యుత్తుతో పనిచేసే పియెజో ఇంజెక్టర్లు వారి భాష కాదు. ఒకే ఊళ్లో, ఒకే చేతుల్లో ఒక బండి బతకడానికీ ఇంకొకటి చావడానికీ కారణం చాలాసార్లు ఇంతే. పజేరోలో ఫోర్ వీల్ కలవకుండా మీటరు మీద చక్రాల బొమ్మ ఆరి వెలుగుతూ ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు పోయిందని బెదరగొట్టి అయినకాడికి బేరం పెట్టేవారు ఉంటారు. చాలా సందర్భాల్లో దోషం ఎండిపోయి పగిలిన వాక్యూమ్ గొట్టాలదో, వాటి సోలెనాయిడ్ వాల్వుదో అయి ఉంటుంది. ఆ ఇంజినుకు నిజంగా భయపడవలసింది వేడికి. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు చిట్లే గుణం దానికి ఉంది.

యూరప్ బండ్ల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి అసలు మారేది లోపాల సంఖ్యలో కాదు, లోపం ఉన్న చోటులో. ఎంఎల్ వి6 డీజిల్ ఇంజినులో ఆయిలు కూలరు సీళ్లు లీకవడం ప్రపంచమంతా తెలిసిన జబ్బు. ఆ సీళ్ల ధర తక్కువే. అవి ఉన్నది మాత్రం రెండు సిలిండరు వరసల మధ్య లోయలో, టర్బో కింద. వాటిని చేరుకోవాలంటే పైనున్న ఇన్‌టేక్ గొట్టాలు, టర్బో అన్నీ విప్పి పక్కన పెట్టాలి. చిన్న రబ్బరు రింగు కోసం రెండు మూడు రోజుల లేబరు. ఆడి క్యూ7 3 లీటర్ల డీజిల్‌కూ, బీఎండబ్ల్యూ ఎక్స్3లో వచ్చిన 2 లీటర్ల ఎన్47 ఇంజినుకూ టైమింగ్ చైన్లు గేరుబాక్సు వైపు, అంటే ఇంజిను వెనక వైపు ఉంటాయి. చైను గలగలమంటే ఇంజినో గేరుబాక్సో కిందికి దిగవలసిందే. డిస్కవరీ 3కి రెండు బెల్టులు ఉంటాయి. ముందున్నది క్యామ్‌షాఫ్టులను తిప్పుతుంది, వెనకున్నది డీజిల్ పంపును తిప్పుతుంది. మొదటిది మార్చి రెండోది మరచిపోయే షెడ్లకు కొదవ లేదు. ఆ ఇంజినులో క్రాంక్ బేరింగు తిరిగిపోయి షాఫ్టు విరగడం అనే ఇంకో ప్రమాదం ఉంది. దానికి ముందస్తు హెచ్చరిక పెద్దగా ఉండదు, మరమ్మతు బండి ధరను మించిపోతుంది. అందుచేత ఆయిలు మార్పిడి బిల్లులు వరసగా లేని డిస్కవరీని ఎంత చవకగా వచ్చినా వదిలేయడం మంచిది.

ఫ్రీలాండర్ 2 విషయం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2011 నుంచి పుణెలో అమర్చిన ఈ బండిలో వెనక చక్రాలకు బలం అందించేది హాల్డెక్స్ కప్లింగ్. దాని ఆయిలు, ఫిల్టరు కాలానికి మార్చకపోతే లోపలి చిన్న పంపు చడీచప్పుడు లేకుండా పోతుంది. తారురోడ్డు మీద ఏ తేడా తెలియదు, బండి హాయిగానే నడుస్తుంది. ఫోర్ వీల్ కోసమే దానిని కొన్నవాడు చెరువు గట్టు మీద ముందు చక్రాలు గిర్రున తిరుగుతుంటే, వెనక చక్రాలు కదలకుండా ఉండటం చూసి, తాను కొన్నది టూ వీల్ డ్రైవ్ బండి అని ఆరోజు తెలుసుకుంటాడు. కొనే రోజునే తడిసిన పచ్చిక మీదనో ఇసుకలోనో నిలిపి ఒక్కసారి యాక్సిలరేటరు నొక్కి చూస్తే ఈ సంగతి ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. పైగా దీనికి లో రేంజ్ గేరు లేదు. డిస్కవరీలో లో రేంజ్ వేస్తే చక్రానికి అందే బలం సుమారు మూడింతలవుతుంది. కొండదారి, క్వారీ బాట పని ఉన్నవారికి ఆ తేడా చిన్నది కాదు.

కంపెనీ పేరు చూసి భయపడి వదిలేసే బండ్లలో కొన్నింటికి దాగిన సౌలభ్యం ఉంటుంది. మహీంద్రా 2012లో తెచ్చిన సాంగ్‌యాంగ్ రెక్స్‌టన్‌ను వెనక కంపెనీ అండ లేని అనాథ బండి అంటారు, ఆ మాటలో నిజం ఉంది. దాని ఆర్ఎక్స్7 రకంలోని ఐదు గేర్ల ఆటోమేటిక్ మాత్రం మెర్సిడెస్ గేరుబాక్సు. దాని ఫిల్టరు, గాస్కెటు, కనెక్టరు ఎన్నో మెర్సిడెస్ కార్లకు వచ్చేవే. డిస్కవరీ 3లోని జెడ్ఎఫ్ ఆరు గేర్ల గేరుబాక్సుకు దగ్గరి చుట్టాలు అప్పటి బీఎండబ్ల్యూ ఎక్స్5లోనూ ఉన్నాయి. ఈ గేరుబాక్సు ఆయిలు జీవితకాలం సరిపోతుందని కార్ల కంపెనీలు చెప్పుకున్నా, తయారు చేసిన జెడ్ఎఫ్ సంస్థే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కొన్ని వేల రూపాయల ఆయిలు దగ్గర వెనకాడి లక్షల గేరుబాక్సు పోగొట్టుకోవడాన్ని ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టుకోవడం అంటారు. విడిభాగాల్లోనూ ఇదే సూత్రం పనికొస్తుంది. కంపెనీ ముద్ర ఉన్న అట్టపెట్టెలో వచ్చే సస్పెన్షన్ ఆర్మునే లెమ్‌ఫోర్డర్ తన పేరుతో అమ్ముతుంది. ఫిల్టరును మాలే, ఇంజెక్టరును బాష్ అమ్ముతాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు తెలుసుకుని, ఆ నంబరుతో చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో విచారించేవాడికి, బండి పేరు చెప్పి అడిగేవాడికి వేరు వేరు ధరలు వస్తాయి. పుదుపేట పాత సామాన్ల బజారులో తలుపులు, అద్దాలు, సీట్లు, దీపాలు కొనడం తెలివైన పనే. బ్రేకులు, స్టీరింగ్ భాగాలు, టైమింగ్ సామాన్లు అక్కడ కొనడం మాత్రం ఏ లెక్కన చూసినా సరికాదు.

ఇక ఈ ప్రాంతం బండికి పెట్టే పరీక్షలు. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండలో జాతీయ రహదారి 16 మీద నిండా ఏసీ వేసుకుని పోయే పాత డీజిల్‌కు మొదటి శత్రువు వేడి. పన్నెండేళ్లు దాటిన రేడియేటరు ట్యాంకు, థర్మోస్టాట్ డబ్బా, నీళ్ల గొట్టాల కొనలు ప్లాస్టిక్కువి. చూపుకు బాగానే ఉండి, చేత్తో నొక్కితే పెళుసుగా విరుగుతాయి. వాటిని విరిగాక మార్చడం కంటే కొన్న నెలలోనే ఒకేసారి మార్చడం చవక. ఎందుకంటే అవి విరిగేది ఇంటి ముందు కాదు, కావలి దాటాక టోల్‌గేట్ల మధ్యలో. రేడియేటరులో నీళ్లు తగ్గితే దారిలో కనపడ్డ బోరు నీళ్లు పోయడం ఈ జిల్లాల్లో పాతుకుపోయిన అలవాటు. కనిగిరి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఎంత ఉప్పు, సున్నం ఉంటాయో ఇంట్లో బిందె లోపలి తెల్లటి పొర చూస్తేనే తెలుస్తుంది. అదే పొర రేడియేటరు సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది, అల్యూమినియం హెడ్డును తినేస్తుంది. కూలెంటును డిస్టిల్డ్ వాటరుతోనే కలపాలి, రంగు ఒకటే కదా అని రెండు రకాల కూలెంటులను కలపకూడదు. డిక్కీలో ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటరు క్యాను ఉంచుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన బీమా.

రెండో శత్రువు ఉప్పు. మైపాడు, కొత్తపట్నం బీచుల్లో తడి ఇసుక మీద బండి తిప్పడం సరదాగానే ఉంటుంది. ఆ సాయంత్రం అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు బ్రేకు గొట్టాల మీద, వెనక సీట్ల ఏసీకి పోయే అల్యూమినియం గొట్టాల మీద తన పని మొదలుపెడుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో కడగడానికి వాడే బోరు నీళ్లే ఉప్పగా ఉండటం ఇక్కడి విచిత్రం, కడిగినా కడగనట్టే. చెరువుల బంకమట్టి ఛాసిస్ గొట్టాల లోపలికి చేరి, నీరు కారవలసిన రంధ్రాలను మూసి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కొనేముందు బండిని లిఫ్టు మీద ఎక్కించి, ఛాసిస్‌ను స్క్రూడ్రైవరు పిడితో అడుగడుగునా తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు పొరలు కట్టిన చోట బొద్దుగా, చచ్చు శబ్దం వస్తుంది. కొత్తగా నల్లరంగు కొట్టిన ఛాసిస్ కనపడితే ఇంకా ఎక్కువసేపు తట్టాలి.

మూడోది నీళ్లు. కాలువ దాటేటప్పుడు వేడిగా ఉన్న డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ఒక్కసారిగా చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, బయటి నీటిని సీళ్ల గుండా లోపలికి పీలుస్తుంది. దానిని నివారించడానికే పైకి సాగదీసిన బ్రీదరు గొట్టం ఉంటుంది. పాత బండిలో అది ఊడిపోయో మూసుకుపోయో ఉంటుంది. ఒకసారి డ్రైయిన్ బోల్టు వదులు చేసి చూస్తే చాలు. మంచి ఆయిలు నల్లగానో తేనెరంగులోనో తీగ సాగుతుంది. నీళ్లు కలిసిన ఆయిలు హోటల్ టీలా పాలగోధుమ రంగులో కారుతుంది. ఆ రంగు కనపడ్డ వెంటనే ఆయిలు మారిస్తే రెండు వేలతో పోతుంది. ఒక్క సీజను వదిలేస్తే బేరింగులు, క్రౌన్ పినియను వరుసగా పోతాయి. డిస్కవరీ 3 సస్పెన్షనును పైకి లేపితే 700 మిల్లీమీటర్ల నీళ్లలో పోగలదని కంపెనీ చెప్పింది నిజమే, అది కొత్త బండి గురించి చెప్పిన మాట. ఎంఎల్‌లో బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది, క్యూ7లోనూ అంతే. గడువు తీరిన తలుపు రబ్బర్ల గుండా లోపలికి వచ్చిన నీళ్లు ముందుగా తడిపేది వాటినే. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, జాతీయ రహదారి తెగిపోయిన జిల్లా ఇది. నీళ్లు మింగిన ఇంజినును స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టానికి పనికొచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ బీమా ఇంత పాత బండ్లకు సాధారణంగా ఇవ్వరు. ఆకాశం నల్లబడ్డ రోజున బండిని ఎత్తుమీద నిలపడం తప్ప వేరే పాలసీ లేదు.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండిని చూడటానికి పొద్దున్నే వెళ్లాలి, అదీ చెప్పకుండా వెళ్లాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండి ఒక మూల కిందికి వాలి ఉంటే, ఆ మూల రబ్బరు బెలూనుకు పగుళ్లు వచ్చాయని అర్థం. స్టార్ట్ చేయగానే కంప్రెసరు గుర్రుమంటూ దానిని పైకి లేపేస్తుంది, పదిగంటలకు వెళ్లిన కొనుగోలుదారుకు నిటారుగా నిలబడ్డ బండే కనిపిస్తుంది. అలా రోజూ కారిపోయే గాలిని నింపీ నింపీ కంప్రెసరు కూడా కాలిపోతుంది. నాలుగు చుక్కల సబ్బునీళ్లతో కనిపెట్టదగిన లీకు రెండు పెద్ద సామాన్ల ఖర్చుగా మారుతుంది. ఇంజినును కూడా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఆ పూటకు తిరిగి వచ్చేయడం మేలు.

ఒంగోలు గిత్తను కొనే రైతు పళ్లు చూసి వయసు చెబుతాడు. బండికి ఆ పళ్లు టైర్లు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం. నాలుగు టైర్ల మీద నాలుగు రకాల సంఖ్యలు, మూడు కంపెనీల పేర్లు కనపడ్డాయంటే ఆ బండిని ఎలా చూసుకున్నారో వేరే సాక్ష్యం అక్కరలేదు. ఫుల్ టైమ్ ఫోర్ వీల్ బండికి ఇది హోదా సమస్య కాదు, యంత్ర సమస్య. కొత్త టైరుకూ అరిగిన టైరుకూ చుట్టుకొలత వేరు గనుక, తారురోడ్డు మీద కిలోమీటరు కిలోమీటరుకూ ఆ తేడాను మింగవలసింది సెంటర్ డిఫరెన్షియలో, ట్రాన్స్‌ఫర్ కేసు క్లచ్చో. అందుకే టైర్లు నాలుగూ ఒకేసారి మార్చాలి. ఫార్చ్యూనరుకు సరిపడే 265/65 ఆర్17 సైజుకే నాలుగు కలిపి అరలక్ష ప్రాంతంలో అవుతుంది. 20 అంగుళాల రిమ్ములున్న క్యూ7 లాంటి బండికి చాలా ఎక్కువ. చిన్న రిమ్ము ఉన్న రకం ఎంచుకుంటే టైరు చవక, గుంతల్లో రిమ్ము వంకర పోయే బెడద కూడా తక్కువ.

కాగితాల విషయంలో ప్రాంతం మారితే లెక్క మారుతుంది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిరగనివ్వవద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆదేశించాక అక్కడి లగ్జరీ డీజిళ్లు చవకగా దక్షిణాదికి రావడం మొదలైంది. ఆ చవకదనంలో కొంత భాగం ఇక్కడి లైఫ్ ట్యాక్సుకు పోతుంది. బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసును బట్టి తగ్గించి వేసే ఆ పన్ను బేరం కుదిరిన రోజున ఎవరికీ గుర్తుండదు. ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు ఉంటే అది తీరినట్టు ఫారం 35, యాజమాన్య మార్పిడికి 29, 30 చేతికి వచ్చాకనే పూర్తి డబ్బు ఇవ్వాలి. సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని రుసుము మామూలు కారుకు 5 వేలు, దిగుమతి చేసుకున్న కారుకు 40 వేలు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన బండ్లకు వీటిని 10 వేలకూ 80 వేలకూ పెంచారు. పూర్తిగా తయారై ఓడలో దిగిన టయోటా ప్రాడోకూ, పుణెలో అమర్చిన ఫ్రీలాండరుకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఆర్సీలో ఏమని రాశారో ముందుగా చూసుకోవాలి.

ఏడాది ఖర్చును పట్టికగా కాక వరుసగా చెప్పుకుంటే స్పష్టంగా ఉంటుంది. పది వేల కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తే సుమారు 1,110 లీటర్ల డీజిల్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో లీటరు 97 రూపాయలు అనుకుంటే ఇదొక్కటే లక్షా 8 వేలు. చెన్నైకి పోయేవారు తడ దాటి, డీజిల్ చవకగా దొరికే తమిళనాడులోని ఆరంబాక్కంలో ట్యాంకు నింపుకోవడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ బీమా 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం 7,897 రూపాయలు, జీఎస్టీ వేరే. మిగిలినదంతా మరమ్మతు, ఇక్కడే మనిషి స్వభావం బయటపడుతుంది. కొన్న మొదటి నెలలో చాలామంది సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, ముందు వైపు ఇనుప బంపరు వేయిస్తారు. నిజానికి ఆ నెలలో పోవలసింది కూలెంటు, గొట్టాలు, బెల్టులు, బ్రేకు ఆయిలు, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు, మంచి బ్యాటరీ. ఈ బండ్లలో బ్యాటరీ బలహీనపడితే అసలు లోపమే లేని గేరుబాక్సు, సస్పెన్షను కూడా మీటరు మీద ఎర్ర హెచ్చరికలు చూపిస్తాయి, ఆ హెచ్చరికలను నమ్మి విప్పిన సామాన్లకు లెక్కే లేదు. 7 లక్షలకు యూరప్ బండి కొనేవాడి దగ్గర ఇంకో 3 లక్షలు పక్కన లేకపోతే అతను 4 లక్షల బండి కొనడం మంచిది. 7 లక్షల పజేరో, ఫార్చ్యూనర్ అయితే లక్షన్నర పక్కన ఉంటే మొదటి ఏడాది గట్టెక్కుతుంది. ఇంట్లో రెండో వాహనం, కనీసం ఒక మోటారుసైకిలు ఉండటం కూడా ఈ బడ్జెట్‌లో భాగమే. బండి లేకుండా పది రోజులు ఆగగలిగినవాడు విడిభాగానికి నాలుగు చోట్ల బేరమాడగలడు. ఆగలేనివాడు మొదటి షెడ్డు అడిగింది ఇచ్చుకోవలసి వస్తుంది.

అమ్మేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. బిల్లుల ఫైలు ఉన్న ఫార్చ్యూనరు నెల్లూరులోనే వారం పది రోజుల్లో అమ్ముడవుతుంది. ఇంజిను పోయిన డిస్కవరీని నిండు బండిగా ఎవరూ అడగరు గాని, దాని తలుపులు, దీపాలు, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు కోసం అలాంటి బండినే నడుపుతున్న మరొకరు ఎక్కడో వెతుకుతూ ఉంటారు. సామాన్ల ధర తగ్గదన్న సూత్రం ఈసారి యజమాని పక్షాన నిలుస్తుంది. అయితే బండిని ఊరికే పాత ఇనుము కొట్టుకు తోలేయకూడదు. ప్రభుత్వ నమోదు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించి, డిపాజిట్ ధ్రువపత్రం తీసుకుని, రవాణా శాఖలో ఆర్సీ రద్దు చేయించుకోవాలి. రద్దు కాని ఆర్సీ ఎవరి పేరున ఉంటే, ఆ నంబరు ప్లేటుతో రేపు ఏ బండి పట్టుబడినా నోటీసు వచ్చేది ఆ చిరునామాకే.